కాగితం ఉన్న ఓడదొంగ: కెప్టెన్ కిడ్ కేసు నేపథ్యం

సముద్రం మీద ఓడలను పట్టుకునేవాడి దగ్గర రాజముద్ర వేసిన పత్రం ఉంటే ప్రైవేటీరు, లేకపోతే ఓడదొంగ. 17వ శతాబ్దపు ఐరోపా చట్టం గీసిన గీత ఇదే. పేచీ అంతా ఆ పత్రంలోని షరతుల దగ్గరే.

'లెటర్ ఆఫ్ మార్క్' అనే ఆ పత్రం యుద్ధకాలంలో శత్రుదేశపు ఓడలను పట్టుకోవడానికి సొంత ఓడ ఉన్నవాళ్లకు ఇచ్చేది. ముందుగా పూచీకత్తు రాయాలి. పట్టుకున్న ఓడలో సరుకు విప్పకూడదు, కాగితాలు పోగొట్టకూడదు. అది శత్రువుదేనని అడ్మిరాల్టీ కోర్టు (సముద్ర వ్యవహారాల కోర్టు) తేల్చాకే అమ్మకం, వాటాలు. ఇక నావికులకు చాలాసార్లు జీతమే ఉండదు, ఓడ చిక్కితేనే వాటా. నెలల తరబడి ఏమీ దొరక్కపోతే కెప్టెన్ మీద తిరగబడతారు. అలాంటప్పుడు ఎదురొచ్చిన ఓడ ఎవరిదని ఆరా తీసే ఓపిక ఎవరికుంటుంది?

స్కాట్లండ్‌కు చెందిన నావికుడు కెప్టెన్ విలియం కిడ్ 1696లో బయల్దేరినప్పుడు అతని దగ్గర రెండు పత్రాలున్నాయి: ఒకటి ఫ్రెంచి ఓడల మీదికి, రెండోది ఓడదొంగల మీదికి. 34 ఫిరంగుల అతని ఓడ 'అడ్వెంచర్ గ్యాలీ'కి మాసాచుసెట్స్ గవర్నరు కాబోతున్న లార్డ్ బెలమాంట్, తెరవెనుక కొందరు ఇంగ్లండు మంత్రులు పెట్టుబడి పెట్టారు. రాజుకు పదోవంతు. దొరికిన సరుకును ముట్టకుండా నేరుగా బోస్టన్ చేర్చాలన్నది ఒప్పందం. మలబారు తీరం నుంచి బోస్టన్! కాగితం మీద రాయడం తేలికే.

1697 అక్టోబరులో గొడవపడి కిడ్ ఇనుప పట్టీల బకెట్టు విసిరితే అతని ఓడలోని గన్నర్ (ఫిరంగులు చూసేవాడు) విలియం మూర్ మర్నాడు చచ్చిపోయాడు. 1698 జనవరి 30న, కొచ్చిన్ సమీపంలో, బెంగాల్ నుంచి సూరత్ వెళ్తున్న 'కెడా మర్చంట్' అనే వర్తక ఓడ ఎదురైంది. కిడ్ ఫ్రెంచి జెండా ఎగరేశాడు, అవతలివాళ్లు ఫ్రెంచి పాసు (ఓడకు ఫ్రెంచివాళ్ల రక్షణ ఉందని చెప్పే కాగితం) చూపించారు. సరుకు ఆర్మీనియన్ వర్తకులది, కెప్టెన్ ఇంగ్లీషువాడు. ఎదురొచ్చే జెండాను బట్టి చూపించడానికి వేర్వేరు పాసులు దగ్గరుంచుకోవడం అప్పటి వర్తకులకు మామూలే. పాసును బట్టి చూస్తే పట్టుకోవడం సక్రమమనే వాదించవచ్చు. కానీ కోర్టు మాట లేకుండానే కిడ్ కొంత సరుకును ఆ తీరంలోనే అమ్మేశాడు. అక్కడ గీత దాటాడు.

ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ అవసరం వేరు. 1695లో ఇంగ్లీషు ఓడదొంగ హెన్రీ ఎవ్రీ మొగలుల ఓడ 'గంజ్-ఇ-సవాయి'ని దోచుకున్నాక, సూరత్‌లో ఉన్న కంపెనీ మనుషులను నిర్బంధించారు. మొగలు దర్బారుకు చూపించడానికి ఒక దోషి కావాలి, ఎవ్రీ దొరకలేదు. 'కెడా మర్చంట్' పాసుతో సహా కిడ్ బెలమాంట్‌కు అప్పగించిన రెండు ఫ్రెంచి పాసులు 1701 మేలో లండన్‌లోని ఓల్డ్ బెయిలీ కోర్టులో జరిగిన విచారణకు రానేలేదు. మే 23న కిడ్‌ను ఉరి తీశారు, మొదటిసారి తాడు తెగితే మళ్లీ వేశారు. ఆ పాసులు 20వ శతాబ్దం మొదట్లో లండన్ ప్రభుత్వ దస్త్రాల్లో బయటపడ్డాయి. అవి కోర్టుకు వచ్చినా మూర్ హత్య కేసు మెడకు చుట్టుకునే ఉండేది.

ఆ తర్వాతి ఏళ్లలో పశ్చిమ తీరంలో మరాఠా నౌకాదళాధిపతి కాన్హోజీ ఆంగ్రే తన దస్తకు (ప్రయాణ అనుమతి పత్రం) లేని ఓడలను పట్టుకుంటే ఇంగ్లీషువాళ్లు అతణ్ణి ఓడదొంగ అన్నారు. కంపెనీ మాత్రం తన పాసులు తాను ఇస్తూనే ఉంది.