సబ్బు నురగ డ్రెయిన్‌లో కలిశాక

ధవళేశ్వరం దగ్గర కాలువల్లోకి మళ్లిన గోదావరి నీరు సముద్రం చేరేలోపు ఎందరికో పనికొస్తుంది. ఊరి మంచినీళ్ల చెరువు నిండేది దానితోనే, వరి పండేదీ దానితోనే. రేవులో బట్టలుతికేది, గేదెలను కడిగేది అందులోనే. చేలు వదిలిన నీరు, ఇళ్ల మురుగు డ్రెయిన్‌లోకి దిగితే, దిగువన ఎవరో మోటారు పెట్టి ఆ నీటినే చేపల చెరువుకు తోడుకుంటారు. అందుకే ఇక్కడ బాత్‌రూమ్ తూములోంచి ఏం పోతోందనేది ఒక్క ఇంటి సంగతి కాదు.

క్రిములను చంపే రసాయనం ట్రైక్లోసాన్‌నే తీసుకోండి. 1972లో సర్జన్లు ఆపరేషన్‌కు ముందు చేతులు కడుక్కునే ద్రావణంలో వచ్చి, తర్వాత సబ్బులు, హ్యాండ్‌వాష్‌లు, టూత్‌పేస్టుల్లోకి పాకింది. బ్యాక్టీరియా తన పొరకు కావలసిన కొవ్వు ఆమ్లాలను తయారుచేసుకోకుండా అడ్డుపడటం దీని పని. చేయి కడుక్కోవడం అయిపోయినా ఆ పని ఆగదు, చిక్కంతా అక్కడే. మురుగులో కొంత విరిగిపోయినా, మిగిలింది బురదను పట్టుకుంటుంది. నీటిలో ఉన్నదానికి ఎండ తగిలితే కొంత ఒక రకం డయాక్సిన్‌గా (విష రసాయనాల కుటుంబంలోది) మారుతుంది. సూక్ష్మజీవులు దాన్ని మిథైల్ ట్రైక్లోసాన్‌గా మారిస్తే అది చేపల కొవ్వులో పేరుకుంటుంది. అన్నిటికంటే ముందు దెబ్బతినేవి నీటిలోని సన్నటి నాచుజీవులు. నీళ్ల రంగు చూసి ప్లాంక్టాన్ (నీటిలో తేలే ఇలాంటి సన్నటి జీవులు) కట్టిందో లేదో చెప్పే రైతుకు ఆ నష్టం ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. కావేరి, వెల్లారు, తామ్రపర్ణి నదుల్లో ట్రైక్లోసాన్ ఉందని 2011లోనే తేలింది.

పోనీ, ఇంత చేసి మనకు ఒరిగిందేమైనా ఉందా? మామూలు సబ్బు, నీళ్ల కంటే ఇలాంటి మందులు కలిపిన సబ్బులు మెరుగని కంపెనీలు చూపించలేకపోయాయంటూ అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016 సెప్టెంబరులో ట్రైక్లోసాన్, ట్రైక్లోకార్బన్ సహా 19 రసాయనాలను ఇంటి సబ్బుల్లో వాడొద్దంది. నా మట్టుకు ఆ మాట చాలు. ఆస్పత్రిలో అవసరం వేరు.

డెల్టాలో ఇంకో పేరు అందరికీ తెలుసు: బీకేసీ, అంటే బెంజల్‌కోనియం క్లోరైడ్ అనే క్రిమిసంహారక మందు. రొయ్యల చెరువులో జబ్బు తెచ్చే విబ్రియో బ్యాక్టీరియా భయం పట్టుకోగానే బకెట్‌లో కలిపి చెరువంతా చల్లుతారు. కొన్ని శానిటైజర్లలో, నేల తుడిచే మందుల్లో ఉండేదీ ఇదే. అంటే ఇంటి నుంచీ చెరువు నుంచీ ఒకే మందు ఒకే డ్రెయిన్‌కు చేరుతోంది. ఇలాంటి మందులను తట్టుకునే జన్యువులు చాలాసార్లు సల్ఫా లాంటి యాంటీబయాటిక్‌లను తట్టుకునే జన్యువులతో ఒకే డీఎన్‌ఏ ముక్కపై ఉంటాయి. బీకేసీకి బతికి బయటపడిన బ్యాక్టీరియా ఆ రెండో బలాన్ని కూడా వెంట తెచ్చుకోగలదు. చెరువులో ఒక్క చుక్క యాంటీబయాటిక్ వాడకపోయినా ఇది జరగొచ్చు. రొయ్య ధర కోసం ఇంత టెన్షన్ పడే రైతుకు ఈ విషయం ముందే చెప్పాల్సింది.

వేసవిలో కాలువలు కట్టేశాక ఇంకా కష్టం. పల్చబరచడానికి మంచినీరు రాదు, డ్రెయిన్‌లో నిలిచేది ఎక్కువగా మురుగే. ఊళ్లలోని ఆక్వా ల్యాబుల్లో మామూలుగా చూసేది పీహెచ్, ఉప్పు శాతం, అమ్మోనియా లాంటివి. నీటిలో చాలా తక్కువ మోతాదులో ఉండే ఈ రసాయనాలను పట్టాలంటే మాస్ స్పెక్ట్రోమీటర్ అనే పరికరం కావాలి. అది రైతు వల్ల అయ్యే పని కాదు, ప్రభుత్వమే పూనుకోవాలి. మే నెలాఖరున డ్రెయిన్లు అడుగంటినప్పుడు నీళ్లతో పాటు అడుగు బురద కూడా తీసి పరీక్షించి, ఆ లెక్కలు ఊరూరా పంచాయతీ బోర్డు మీద పెట్టాలి.