కూపన్ ఉంది, కొట్టు లేదు

వెల్చ్ ఊరి నడిమధ్యలో ఒక పాత పార్కింగ్ భవనం ఉంది. 1941లో మునిసిపాలిటీ కట్టించింది. ఇలా మునిసిపాలిటీ సొంతంగా కట్టుకున్న పార్కింగ్ భవనాల్లో అమెరికా మొత్తానికి ఇదే మొదటిదని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. రెండు కొండల మధ్య ఇరుక్కున్న చిన్న ఊరికి అంతస్తుల పార్కింగ్ ఎందుకంటే, శనివారం వచ్చిందంటే చుట్టుపక్కల బొగ్గు గనుల నుంచి సరుకులకీ సినిమాలకీ దిగిన జనంతో వీధుల్లో కాలు పెట్టే చోటు ఉండేది కాదు. ఇప్పుడు అదే కౌంటీలో తాజా కూరగాయలు కావాలంటే కారెక్కి కొండలు దాటాల్సిన ఊళ్లు చాలా ఉన్నాయి.

ఆ కౌంటీ పేరు మెక్‌డోవెల్. వెస్ట్ వర్జీనియా రాష్ట్రానికి దక్షిణపు కొసన ఉంటుంది, వెల్చ్ దాని ముఖ్యపట్టణం. 'ఫుడ్ డెజర్ట్', అంటే తిండి ఎడారి, అనే మాట వచ్చినప్పుడల్లా అమెరికన్ పత్రికలు ఈ కౌంటీని గుర్తు చేసుకుంటాయి.

మాట మాత్రం అమెరికాలో పుట్టలేదు. 1990ల మొదట్లో స్కాట్లండ్‌లో ప్రభుత్వ ఇళ్ల కాలనీలో ఉండే ఒకరు తమ పరిస్థితిని అలా చెప్పుకున్నారంటారు. 1995లో బ్రిటన్ ప్రభుత్వ నివేదికలోకి ఎక్కింది. 2008 ఫార్మ్ బిల్లు (వ్యవసాయ చట్టం) ద్వారా అమెరికా పార్లమెంటు దీని మీద అధ్యయనం చేయమని వ్యవసాయ శాఖకు చెప్పింది. ఆ శాఖ తేల్చిన కొలత ఇది: పేదలు ఎక్కువగా ఉండే ప్రాంతంలో కనీసం 500 మందికో, మూడో వంతు జనానికో సూపర్‌మార్కెట్ పట్నంలో అయితే మైలుకి, పల్లెలో అయితే పది మైళ్లకి మించి దూరంలో ఉంటే అది ఫుడ్ డెజర్ట్. 2011లో మ్యాప్ కూడా పెట్టారు. పది మైళ్లు మైదానంలో ఒక రకం, మెక్‌డోవెల్ కొండ దారుల్లో మరో రకం. గీత గీస్తే పది మైళ్లుండేది రోడ్డు మీద ఎంత అవుతుందో మలుపులే చెప్పాలి.

ఈ మాటతో నాకున్న పేచీ వేరే. ఎడారి అనగానే వాన పడక అలా అయిపోయింది, ఎవరేం చేస్తారు అన్నట్టుంటుంది. మెక్‌డోవెల్‌లో కొట్టు ఎవరు పెట్టారు, ఎవరు తీసేశారు అన్నది చాలావరకు రాసిపెట్టిన చరిత్రే.

1880ల్లో నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్ రైలు మార్గం పోకహోంటాస్ బొగ్గు పొరల్లోకి చొచ్చుకొచ్చాక కంపెనీలే ఇక్కడ ఊళ్లు కట్టాయి. ఇల్లు కంపెనీది, డాక్టరు కంపెనీ మనిషి, చాలాచోట్ల చర్చి కూడా కంపెనీ కట్టించిందే. కిరాణా కొట్టూ కంపెనీదే. జీతం రోజు రాకముందే డబ్బు అవసరమైతే కంపెనీ తన పేరు అచ్చేసిన లోహపు బిళ్లలు ఇచ్చేది. వాటిని స్క్రిప్ అనేవాళ్లు. అవి పూర్తి విలువకి చెల్లేది ఆ కంపెనీ కొట్టులోనే. పద్దు రాసుకుని జీతంలో కోసుకుంటే, నెలాఖరుకి చేతికి ఏమీ రాని ఇళ్లుండేవి. న్యాయంగా చెప్పాలంటే అన్ని కంపెనీ కొట్లూ దోపిడీ అంగళ్లు కావు. యూఎస్ స్టీల్ కంపెనీ కట్టిన గ్యారీ లాంటి చోట్ల కొట్లలో సరుకు బాగానే దొరికేదట. గని కార్మికుల ఇళ్లలో పెరటి తోట ఉండేది, పందిని పెంచేవాళ్లు, చిక్కుళ్లు సీసాల్లో దాచుకునేవాళ్లు. అయినా నేలలో చాలా భాగం బయటి కంపెనీల పేరుమీదే ఉన్నప్పుడు పెరడు దాటి సేద్యం చేయడానికి చోటెక్కడ? కొండవాలు తప్ప మిగిలింది కొంచెమే.

1933 తర్వాత యూనియన్ బలపడింది, జీతాలు నగదుగా చేతికొచ్చాయి, కార్లొచ్చాయి. వెల్చ్‌లో సొంత వ్యాపారుల కొట్లు కళకళలాడింది ఆ కాలంలోనే. 1950 జనాభా లెక్కల్లో కౌంటీలో 98,887 మంది ఉన్నారు.

ఆ తర్వాత యంత్రాలు వచ్చాయి. బొగ్గు తవ్వకం ఆగలేదు, తవ్వే చేతుల అవసరం తగ్గింది. 1960 నాటికి జనాభా 71,359కి పడిపోయింది. ఉండిపోయిన వాళ్లలో చాలామంది ప్రభుత్వం పంచే మిగులు సరుకుల మీద బతికారు: పిండి, మొక్కజొన్న పిండి, బియ్యం, పాలపొడి లాంటివి. రైతుల దగ్గర ధర పడిపోకుండా ప్రభుత్వం కొని గోదాముల్లో పెట్టిన సరుకు అది. 1954లో చేసిన పీఎల్-480 చట్టం కింద మన దేశానికి ఓడల్లో వచ్చిన గోధుమలూ ఆ మిగులులోవే. మన పెద్దవాళ్లు అమెరికా గోధుమల గురించి చెప్పే కబుర్లకీ, మెక్‌డోవెల్ ముసలివాళ్ల జ్ఞాపకాలకీ మూలం ఒకటే గోదాము.

1960లో అధ్యక్ష పదవి కోసం తిరుగుతూ జాన్ ఎఫ్. కెనడీ ఈ కొండల్లోకి వచ్చాడు. వెస్ట్ వర్జీనియాలో చూసిన ఆకలి ఆయన్ని కదిలించిందంటారు. రాజకీయ నాయకుడి కదలికని ఎంత నమ్మాలో అంత నమ్మినా, ప్రమాణం చేసిన మర్నాడే, 1961 జనవరి 21న, ఆయన మొట్టమొదటి ఉత్తర్వు ఇచ్చింది పేదలకి పంచే సరుకుల్ని పెంచమని. తర్వాత ఎనిమిది చోట్ల ఫుడ్ స్టాంపుల పథకాన్ని, అంటే కొట్లో తిండి సరుకులు కొనుక్కోవడానికి పేదలకిచ్చే కూపన్ల పథకాన్ని, ప్రయోగంగా మొదలుపెట్టారు. వాటిలో మెక్‌డోవెల్ ఒకటి. 1961 మే 29న వెల్చ్‌లోని ఒక సూపర్‌మార్కెట్లో పేన్స్‌విల్‌కి చెందిన కుటుంబం తొలి స్టాంపులతో సరుకులు కొంది. ఇంట్లో 15 మంది, స్టాంపుల విలువ 95 డాలర్లు. ముందుగా తీసుకున్నది పంది మాంసం కలిపిన చిక్కుళ్ల డబ్బా. 1964లో ఈ పథకం చట్టమైంది.

(ఇంకా వెనక్కి పోతే 1939లో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో నారింజ, నీలం రంగు స్టాంపులతో ఒక పథకం మొదలై 1943లో ఆగిపోయింది. అది వేరే కథ.)

మన రేషన్ కార్డు అలవాటున్న వాళ్లకి ఇక్కడ ఒక తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రేషన్ పద్ధతిలో ప్రభుత్వం బియ్యాన్ని ఊళ్లో డీలరు దాకా తెస్తుంది. తూకంలో మోసం, వేలిముద్ర పడకపోవడం, ఆ గొడవలు ఎలాగూ ఉంటాయి, కానీ డిపో అంటూ ఒకటి ఉంటుంది. అమెరికా సరుకుల పంపిణీని తగ్గించి, కొనే శక్తిని చేతికిచ్చింది. కొట్టు సంగతి వ్యాపారానికి వదిలేసింది. 1961లో అది తెలివైన పనే. వెల్చ్‌లో కొట్లున్నాయి, కొనే డబ్బు లేదు. పేదవాడు వరసలో నిలబడి పిండి బస్తా మోసుకెళ్లే బదులు అందరిలాగే కొట్టుకెళ్లి తనకి కావలసింది ఎంచుకున్నాడు, ఊరి వ్యాపారికీ బేరం దొరికింది. మొదట్లో స్టాంపులకి కొంత డబ్బు కట్టి కొనుక్కోవాల్సి వచ్చేది. 1977 చట్టం ఆ షరతు తీసేసింది. 2004 నాటికి కాగితం పోయి దేశమంతా కార్డు వచ్చింది, 2008లో పేరు స్నాప్ అయింది. ఇన్నేళ్లూ పథకాన్ని సవరిస్తూనే వచ్చారు. కార్డు గీకే కొట్టు ఊళ్లో ఉంటుందా అన్నది మాత్రం ఈ పథకం చూసుకునే పని కాలేదు.

కొట్లు ఒక్కరోజులో పోలేదు. యూఎస్ స్టీల్ 1980ల్లో గ్యారీ గనుల నుంచి తప్పుకుంది. 1980లో 49,899గా ఉన్న జనాభా పదేళ్లలో 35,233కి వచ్చింది. కొనేవాళ్లు తగ్గడం ఒక దెబ్బ, సరుకు తెచ్చుకోవడం కష్టమవడం రెండోది. పెద్ద గొలుసు దుకాణాలకి ఒక ధర, చిన్న కొట్టుకి ఒక ధర అని సరఫరాదారులు పక్షపాతం చూపకూడదని 1936లో రాబిన్సన్-ప్యాట్‌మన్ చట్టం చేశారు. 1980ల నుంచి దాన్ని అమలు చేయడం దాదాపు మానేశారు. చట్టం పుస్తకంలోనే ఉంది. ఆ తర్వాత పెద్దవాళ్లు అమ్మే ధరకి చిన్న కొట్టువాడు కొననైనా లేని రోజులొచ్చాయి. 2001లో, 2002లో వరుసగా వచ్చిన వరదలు లోయల్లోని వ్యాపారాలకి మిగిలిన ఓపికని కూడా తీసేశాయి.

2005లో ఇదే కౌంటీలోని కింబల్‌లో వాల్‌మార్ట్ దుకాణం తెరిచింది. చవక, అన్నీ ఒకేచోట, పైగా ఉద్యోగాలు. జనం సంతోషించారంటే తప్పు పట్టలేం. కౌంటీ తిండి అవసరాలు మెల్లగా ఆ ఒక్క కప్పు కిందకి చేరాయి. పేదలకి ఉచితంగా తిండి పంచే అక్కడి ఫుడ్ బ్యాంకుకి కూడా అమ్ముడుపోని సరుకు ఆ దుకాణం నుంచే వచ్చేది. 2016 జనవరిలో కంపెనీ ప్రపంచమంతటా 269 దుకాణాలు మూసేస్తున్నట్టు ప్రకటించింది. ఆ జాబితాలో కింబల్ ఉంది. సుమారు 140 ఉద్యోగాలతో పాటు ఫుడ్ బ్యాంకు సరుకూ, కౌంటీకి వచ్చే పన్నూ పోయాయి. కంపెనీ కొట్ల కాలం ఎప్పుడో పోయినా, ఊరి కొట్టు ఉండాలో వద్దో బయట ఎక్కడో కూర్చున్న కంపెనీయే తేల్చింది.

ఆ ఖాళీలోకి చవక సరుకులు అమ్మే డాలర్ దుకాణాలు వచ్చాయి. డాలర్ జనరల్ ఒక్కదానికే దేశంలో 20 వేలకి పైగా శాఖలున్నాయి, ఎక్కువ భాగం చిన్న ఊళ్లలోనే. డబ్బాలు, చిప్స్, కూల్ డ్రింకులు, ఫ్రోజెన్ పిజ్జా అన్నీ ఉంటాయి. తాజా పళ్లూ కూరగాయలూ కొన్ని శాఖల్లోనే. మెక్‌డోవెల్‌లో తాగునీటి పైపులు చాలాచోట్ల పాతబడి పాడయ్యాయి కాబట్టి జనం మోసుకెళ్లే వాటిలో నీళ్ల సీసాల కట్టలూ ఉంటాయి. తిండి డబ్బులోంచి నీళ్లకీ పోతుందన్నమాట. 2010 ప్రాంతంలో లెక్కేసినప్పుడు ఈ కౌంటీలో మగవాళ్ల సగటు ఆయుర్దాయం 63.9 ఏళ్లు, దేశంలోకెల్లా తక్కువ. దానికి తిండి ఒక్కటే కారణమని ఎవరూ అనలేరు. గని దుమ్ము, నొప్పి మాత్రల వ్యసనం, ఆసుపత్రుల దూరం అన్నీ అందులో ఉన్నాయి.

సూపర్‌మార్కెట్ పెడితే సరిపోతుందా? 2019లో ప్రచురితమైన ఒక పెద్ద ఆర్థిక అధ్యయనం పేదలకీ ధనికులకీ తిండిలో ఉన్న తేడాలో దగ్గర్లో దుకాణం లేకపోవడం వాటా పదో వంతేనని తేల్చింది. దీన్ని పట్టుకుని దూరం సమస్యే కాదనేవాళ్లున్నారు. వాళ్ల వాదన నాకు సగమే ఒప్పుతుంది. దేశం మొత్తానికి తీసిన సగటు అది, జనంలో ఎక్కువమంది దూరమైనా కారులో వెళ్లి తెచ్చుకుంటున్నారు కాబట్టి వచ్చిన లెక్క. కారు లేని ముసలావిడకి ఆ సగటుతో పని లేదు.

కొత్తగా కొట్టు పెట్టాలనుకునే వాడికి ఇంకో చిక్కు ఉంది. వెస్ట్ వర్జీనియాలో స్నాప్ డబ్బు నెల మొదటి తొమ్మిది రోజుల్లో కార్డుల్లో పడుతుంది. ఆ రోజుల్లో రద్దీ, నెలాఖరుకి ఈగలు. నాలుగో వారంలో తెచ్చిన ఆకుకూర కుళ్లిపోతే నష్టం కొట్టువాడిదే. టోకు వ్యాపారి మాత్రం ప్రతి వారం ఇంత సరుకు తీసుకుంటేనే లారీ పంపిస్తానంటాడు. 2020 జనాభా లెక్కల్లో కౌంటీలో మిగిలింది 19,111 మంది. లారీ వాళ్ల లెక్క కూడా అర్థం చేసుకోవచ్చు.

ఇప్పుడు స్నాప్ కార్డుతో ఆన్‌లైన్‌లో సరుకులు కొనొచ్చు, కొండ లోయల్లోని ఇళ్లకి డెలివరీ వచ్చేది మాత్రం అరుదు. కారు లేనివాళ్లు పొరుగువాళ్లని బతిమాలుకుని బ్లూఫీల్డ్ వైపో, ప్రిన్స్‌టన్ వైపో వెళ్లి వస్తుంటారు. పెట్రోలు డబ్బులు మాత్రం చేతి నుంచి పెట్టుకోవాల్సిందే. కార్డు మీద తిండి సరుకులే కొనాలి, పెట్రోలు కొనడానికి వీల్లేదు.