తిరుపతి పిన్‌కోడ్ ప్రధాన సంఖ్యే

తిరుపతిలో ఇంటర్ చదివే ఓ అమ్మాయి అడిగింది: "సార్, మా పిన్‌కోడ్ 517501 ప్రధాన సంఖ్యేనా?" అవునమ్మా, ప్రధాన సంఖ్యే. కానీ అంతటితో ఆపేస్తే ఈ సంఖ్యకి అన్యాయం చేసినట్టే.

మామూలు పద్ధతి తెలిసిందే. దీని వర్గమూలం 719 కంటే కాస్త ఎక్కువ, కాబట్టి 719 దాకా ఉన్న 128 ప్రధాన సంఖ్యలతోనూ భాగించి చూడాలి. నాకిష్టమైనది ఆ చాకిరీని తగ్గించే కిటుకు. పిన్‌కోడ్‌ని మధ్యకి విడగొట్టండి: 517, 501. వెయ్యి అంటే 1001కి ఒకటి తక్కువ, 1001 ఏమో 7×11×13. అందుకని 517×1001లోంచి 517 తీసేసి 501 కలిపితే మన 517501 వచ్చేస్తుంది, అంటే ఇది 1001 గుణిజానికి 16 తక్కువ. ఆ 16ని 7 గానీ 11 గానీ 13 గానీ భాగించవు. ఒక్క తీసివేతతో మూడింటి పని అయిపోయింది! బళ్ళో 3కీ 9కీ సూత్రం చెప్పి, 7 దగ్గరికి రాగానే దాటేస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది, రెండో తరగతి తీసివేత వస్తే చాలు కదా దీనికి.

ఇప్పుడు అదే వెయ్యిని 999కి ఒకటి ఎక్కువ అనుకోండి. 999 అంటే 27×37, కాబట్టి ఈసారి రెండు ముక్కల్నీ కూడాలి. తిరుపతికి 517+501=1018, దాన్ని 37తో భాగిస్తే 19 మిగులుతుంది. చిత్తూరు 517001కి మాత్రం 517+1=518, సరిగ్గా 14×37! చిత్తూరు దొరికిపోయింది: 517001=37×89×157.

అంకెలన్నీ కూడి, 19, తర్వాత 10, చివరికి 1 వచ్చిందని, అది అదృష్ట సంఖ్యని చెప్పేవాళ్ళుంటారు. ఆ 1 అనేది 9తో భాగిస్తే మిగిలే శేషం, అంతే. బండి నంబరు కోసం వేలు పోసే ముందు ఈ ఒక్క సంగతి తెలుసుకోండి. పైగా 517500=2²×3²×5⁴×23 కాబట్టి 2, 3, 5, 23 వీటిలో దేనితో భాగించినా మిగిలేది 1 మాత్రమే.

ఇంకో విశేషం, దీనికి రెండు తక్కువైన 517499 కూడా ప్రధాన సంఖ్యే. ఇలా రెండే తేడా ఉన్న ప్రధాన సంఖ్యల్ని కవలలంటారు, అంటే తిరుపతికో కవల ఉంది. 4తో భాగిస్తే 1 మిగిలే ప్రధాన సంఖ్య ఏదైనా సరే రెండు వర్గాల మొత్తమవుతుందని ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా 1640లో తోటి పండితుడు మెర్సెన్‌కి రాసిన ఉత్తరంలో చెప్పాడు, వందేళ్ళు దాటాక ఆయిలర్ అనే గణితజ్ఞుడు నిరూపించాడు. మన 517501ని 4తో భాగించినా 1 మిగులుతుంది, కాబట్టి దీనికీ అలాంటి రెండు వర్గాలున్నాయి: 699²+170², అంటే 488601+28900. ఇలా రాయడానికి ఇంకో దారి లేదు. కవలకి ఆ ఒక్క దారి కూడా లేదు: ఏ వర్గాన్ని 4తో భాగించినా 0 లేదా 1 మిగులుతుంది, రెండు వర్గాలు కలిపితే శేషం 3 ఎప్పటికీ రాదు, 517499కి మిగిలేదేమో 3.