వాడిన పైరు, ఎండిన పైరు

"మా అవ్వకు 78 ఏళ్ళండీ. నిన్న తెల్లవారుజామున కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి, మాట పోయింది. బతుకుతుందా? మళ్ళీ నడుస్తుందా? డాక్టరు గారిని అడిగితే మూడు రోజులు ఆగమంటున్నారు" అని బుచ్చిరెడ్డిపాళెం అబ్బాయి ఒకతను అడిగాడు. డాక్టరు గారు ఏదో దాస్తున్నారని అతని టెన్షన్. ఆయన దాచడం లేదు. జవాబు ఇంకా అవ్వ మెదడులోనే తేలలేదు.

పక్షవాతం రెండు రకాలు. మెదడులో రక్తనాళం చిట్లితే నెల లోపల నూటికి సుమారు 40 మంది చనిపోతారు. పూడుకుపోతే 10 నుంచి 15 మంది. ఏది జరిగిందో స్కాన్ తీస్తేనే తెలుస్తుంది. అవ్వకు వచ్చింది పూడిక.

కనిగిరి రిజర్వాయరు కింద ఒక పంట కాలువకు అడ్డం పడిందనుకోండి. ఆ కాలువ తప్ప వేరే దిక్కులేని కయ్య, అంటే మడి, ఎండిపోతుంది. దాని పక్క కయ్యకు అవతలి రైతు మడవ నుంచి కాస్త నీరు జారుతుంటుంది. అక్కడ పైరు వాడుతుంది, ఆకు చుట్టుకుంటుంది, కానీ దుబ్బు చావదు. మెదడులోనూ అంతే. 100 గ్రాముల మెదడుకు నిమిషానికి 50 మిల్లీలీటర్ల రక్తం కావాలి. అది 20 కంటే తగ్గితే కణం పని మానేస్తుంది, బతికే ఉంటుంది. 10 కంటే తగ్గితే నిమిషాల్లో చస్తుంది. ఈ రెండు అంకెల మధ్య వేలాడే ప్రాంతాన్ని పెనంబ్రా అంటారు. అవ్వ చెయ్యి కదలకపోవడానికి కారణం ఎండిన కయ్య కావచ్చు, వాడిన కయ్యా కావచ్చు. మంచం పక్కన నిలబడి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి.

వాడిన పైరు ఎదురుచూడదు. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి 19 లక్షల నాడీకణాలు పోతాయని లెక్క. గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు. అది కూడా మనిషి చివరిసారి బాగా ఉండగా చూసిన క్షణం నుంచి. నిద్రలో వస్తే ఆ గడువు రాత్రి పడుకున్నప్పుడే మొదలైనట్టు లెక్క. ఉదయగిరి వైపు మెట్ట ఊళ్ళ నుంచి నెల్లూరు చేరడానికే రెండు గంటలు పడుతుంది కాబట్టి, తెల్లారాక చూద్దాం అనుకోకుండా అప్పుడే 108కి ఫోన్ చేయాలి.

ఇంట్లో చాలామంది చేసే తప్పు ఒకటుంది. బీపీ 200 చూపించగానే మాత్ర నాలుక కింద పెట్టేస్తారు. కాలువలో నీటిమట్టం దించితే ముందు ఎండేది ఎవరి చేను? విడవలూరు, అల్లూరు వైపు చివరి ఆయకట్టు రైతును అడగండి. పూడిక వచ్చినప్పుడు శరీరం ఒత్తిడి పెంచి, పక్క నాళాల గుండా ఆ చివరి కయ్యలకు రక్తం తోస్తుంటుంది. ఇంజెక్షన్ ఇవ్వాలంటే బీపీ 185/110 లోపు ఉండాలి. ఇవ్వకపోతే 220/120 దాకా వైద్యులు సాధారణంగా ఊరుకుంటారు. ఆ నిర్ణయం ఆసుపత్రిలో జరగాలి, వంటింట్లో కాదు.

తర్వాత గండం వాపు. పుర్రె మూసిన పెట్టె, లోపల చోటుండదు. ఇక్కడ ముసలితనం కొంత మేలు చేస్తుంది. వయసుతో మెదడు కాస్త కుంచించుకుపోతుంది కాబట్టి వాపుకు చోటు దొరుకుతుంది, పడుచువాళ్ళకు అది ఉండదు. పెద్దవాళ్ళను ఎక్కువగా తీసుకుపోయేది న్యుమోనియా. గొంతు కండరాలు పడిపోయి, తాగింది ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. చూడవచ్చిన చుట్టాలు "గుక్కెడు కాఫీ పట్టండమ్మా" అంటారు. మింగగలదని పరీక్ష చేసి చెప్పేదాకా చుక్క నీళ్ళు కూడా వద్దు.

ఇక చెయ్యి. మూడో రోజు లోపల రెండు కదలికలు చూడాలి: భుజం పక్కకు ఎత్తడం, ముడిచిన వేళ్ళు తనంతట తాను చాపడం. రెండూ కాస్తయినా ఉంటే ఆరు నెలలకు చెయ్యి ఎంతో కొంత పనికొచ్చే అవకాశం 98 శాతమని ఒక అధ్యయనంలో తేలింది. రెండూ లేకపోతే 25 శాతం. వేళ్ళకు ఇంత విలువ ఎందుకంటే, మెదడు నుంచి వెన్నుపాముకు దిగే పెద్ద నాడీమార్గం తెగకుండా మిగిలితేనే అవి విచ్చుకుంటాయి. కాలు సాధారణంగా చేతికంటే ముందు తేరుకుంటుంది. కోలుకోవడంలో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే. మాట మాత్రం ఆ తర్వాత కూడా నెలల తరబడి మెరుగవుతుంది.

ఆ మూడు నెలల్లోనే మనవాళ్ళు పావురం రక్తం రాయించడానికి తిరుగుతారు. వాపు తగ్గి, వాడిన కణాలు తేరుకుని, పక్క భాగాలు కొత్త పని నేర్చుకుంటున్న రోజులవి. కాలు కదిలితే పేరు పావురానికి పోతుంది, ఫిజియోథెరపీ మానేస్తారు. నాకు చాలా బాధ కలిగించేది ఇదే.

ఆ అబ్బాయిని వేళ్ళు చూడమన్నాను. సాయంత్రం ఫోన్ చేశాడు. భుజం లేవలేదట. "అవ్వా, వేళ్ళు చాపు" అంటే చూపుడు వేలూ మధ్య వేలూ కాస్త విచ్చుకున్నాయట. రేపు పొద్దున మళ్ళీ అడుగుతానన్నాడు.