నో డ్యూస్ సంతకానికి ముందే కలవాల్సిన మనిషి

పీహెచ్‌డీ విద్యార్థి చాలాచోట్ల లైబ్రేరియన్ ఎదుట కూర్చునేది థీసిస్ పూర్తయ్యాకే. లైబ్రరీకి బాకీ ఏమీ లేదనే నో డ్యూస్ సంతకం కోసం ఒకసారి, థీసిస్ ఇతరుల రాతలతో ఎంత కలుస్తోందో చెప్పే సిమిలారిటీ రిపోర్టు కోసం ఇంకోసారి. ఏళ్ల తరబడి చేసిన పనికి చివరి వారంలో పరిచయం! మొదట్లో అనుకున్నది ఇలా కాదు.

1924 జనవరిలో మద్రాసు విశ్వవిద్యాలయం తన తొలి లైబ్రేరియన్‌గా ఎస్.ఆర్. రంగనాథన్‌ను తీసుకుంది. అప్పటిదాకా ఆయన ప్రెసిడెన్సీ కాలేజీలో లెక్కల మాస్టారు. పాఠం చెప్పడం అలవాటైన మనిషికి లైబ్రరీలో పొద్దుపోలేదు. తిరిగి కాలేజీకి పంపేయమని అడిగారు. ముందు ఇంగ్లండ్ వెళ్లి రమ్మన్నారు పెద్దలు. లండన్‌లో చదువుకుని, అక్కడి గ్రంథాలయాలు చూసి 1925లో వచ్చాక ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు. 1931లో ఆయన ప్రకటించిన గ్రంథాలయ శాస్త్ర ఐదు సూత్రాల్లో నాలుగోది పాఠకుడి సమయం ఆదా చేయమంటుంది. నాకు ఐదింటిలోనూ ఇదే గొప్పగా తోస్తుంది. పుస్తకానికి కాపలా కాస్తే ఎవరి సమయమూ మిగలదు, చదివేవాళ్ల పక్కన నిలబడితేనే మిగులుతుంది.

తెలుగునాట ఆ చదువు తొందరగానే మొదలైంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1935లోనే గ్రంథాలయ శాస్త్రం కోర్సు పెట్టింది. విశ్వవిద్యాలయం పనికంతటికీ గ్రంథాలయమే గుండె అని విశ్వవిద్యాలయ విద్యపై 1948-49లో వేసిన రాధాకృష్ణన్ కమిషన్ రాసింది. 1957లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) గ్రంథాలయాలపై రంగనాథన్ అధ్యక్షతనే కమిటీ వేసింది. కాగితం మీద ఏ లోటూ లేదు. కానీ క్లాసులో నోట్సు, పరీక్షకు గైడు సరిపోయినచోట విద్యార్థి లైబ్రేరియన్‌ను అడగడానికి ఏముంటుంది? స్టాకు వెరిఫికేషన్, పోయిన పుస్తకాలకు జవాబు చెప్పాలన్న టెన్షన్, వీటితోనే ఆ ఉద్యోగం గడిచిపోయింది.

1991లో విశ్వవిద్యాలయ లైబ్రరీలను కలిపే ఇన్‌ఫ్లిబ్‌నెట్ మొదలయ్యాక లైబ్రరీలు కంప్యూటర్లకు మారాయి. ఆ సంస్థే నడిపే శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో ఇప్పుడు దేశంలోని థీసిస్‌లను ఎవరైనా చదువుకోవచ్చు. 2018లో యూజీసీ గ్రంథచౌర్యంపై నిబంధనలు తెచ్చింది. ఇతరుల రాతలతో థీసిస్ పోలిక 10 శాతం దాటితే దిద్ది మళ్లీ ఇవ్వాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఉటంకింపులు, గ్రంథసూచి లెక్కలోకి రావు. అందరికీ తెలిసిన మాటలు వరసగా 14 పదాల వరకు కలిసినా తప్పు కాదు. ఇవన్నీ మొదటి ఏడాదే ఎవరైనా కూర్చోబెట్టి చెప్తే ఆఖర్న ఏడవాల్సిన పని ఉండదు.

2025 నుంచి 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' అనే కేంద్ర పథకం కింద, మూడేళ్లకు 6,000 కోట్ల ఖర్చుతో, సుమారు 13,000 ఈ-జర్నళ్లు ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుతున్నాయి. తలుపు తెరిచారు, మంచిదే. లోపల ఎటు వెళ్లాలో చూపే మనిషి కూడా కావాలి కదా.

అలా చూపించడం నేనొకసారి దగ్గరుండి చూశాను. డ్వాక్రా సంఘాల మీద పరిశోధన చేస్తానని ఒక అమ్మాయి వచ్చింది. గూగుల్‌లో టైటిల్ మొత్తం కొట్టి, ఏమీ దొరకలేదంది. లైబ్రేరియన్ శోధ్‌గంగ తెరిచి ఆ టైటిల్లోంచి రెండు మాటలే కొట్టారు. పేజీల కొద్దీ థీసిస్‌లు వచ్చాయి. ఆ పిల్ల మొహం వాడిపోయింది. ఆయన కుర్చీ దగ్గరికి జరిపి, ఒక్కోదాంట్లో ఏ జిల్లా, ఏ ఏళ్లు, ఎవరిని అడిగారు అన్నది కాగితం మీద రాయించారు. కాగితం నిండాక అడిగారు: "వీళ్లెవరూ అడగనిది ఏంటమ్మా?"