స్కాచ్ విస్కీలో ఫినాయిల్ వాసన ఎక్కడిది?

ఒక పాఠకుడు పంపిన ప్రశ్న ఈ వ్యాసానికి కారణం. బంధువు స్కాట్లండ్ నుంచి తెచ్చిన సింగిల్ మాల్ట్ సీసా మూత తీయగానే గుప్పుమని ఫినాయిల్ వాసన వచ్చిందనీ, కాసేపాగి చూస్తే అందులోనే ఐస్‌క్రీములో ఉండే వనిలా వాసన కూడా తగిలిందనీ, సరుకు పాడైందా లేక ఎవరైనా కల్తీ చేశారా చెప్పమనీ ఆయన అడిగారు. సీసా మీది పేరు లఫ్రోయిగ్. స్కాట్లండ్ పడమటి తీరాన ఉన్న ఐలా అనే ద్వీపంలో 1815 నుంచి తయారవుతున్న విస్కీ అది. ఆ వాసన దాని సహజ గుణం, దాన్ని కోరి కొనేవారు ప్రపంచమంతటా ఉన్నారు. అయితే ఆయన ప్రశ్నలో నన్ను పట్టి కూర్చోబెట్టిన అంశం వేరే ఉంది. ఫినాయిల్‌నూ వనిలానూ తలపించే ఆ రెండు వాసనలూ రసాయన శాస్త్రం దృష్టిలో దగ్గరి చుట్టాలు. వాటి బంధుత్వం తెలిస్తే స్కాచ్ రుచిలో సగం రహస్యం తెలిసినట్టే.

సింగిల్ మాల్ట్ అంటే ఏమిటో త్వరగా చెప్పి ముందుకు వెళతాను. 2009 నాటి స్కాచ్ విస్కీ నిబంధనల ప్రకారం, ఒకే కర్మాగారంలో, మొలకెత్తించిన బార్లీ (మాల్ట్ అంటే ఇదే) తప్ప మరో ధాన్యం కలపకుండా, పాట్ స్టిల్ అనే బానల్లో విడతలు విడతలుగా బట్టీ పట్టి, 700 లీటర్లకు మించని ఓక్ చెక్క పీపాల్లో స్కాట్లండ్ గడ్డ మీదనే కనీసం మూడేళ్ళు నిలవ ఉంచి, 40 శాతానికి తగ్గని ఆల్కహాల్‌తో సీసాలకు ఎత్తినదే సింగిల్ మాల్ట్ స్కాచ్. నీళ్ళు, రంగు కోసం కొంచెం కారమెల్ తప్ప వేరే ఏదీ చేర్చకూడదు. ఇక చరిత్ర మాటకొస్తే, రాజాజ్ఞ మేరకు ఫ్రయర్ జాన్ కోర్ అనే క్రైస్తవ సన్యాసికి మద్యం తయారీకి ఎనిమిది బోల్‌ల (బోల్ అంటే నాటి ధాన్యపు కొలత) మాల్ట్ ఇచ్చినట్టు 1494 నాటి స్కాట్లండ్ ఖజానా లెక్కల్లో ఉంది. 1823లో వచ్చిన ఎక్సైజ్ చట్టం పన్ను భారాన్ని తగ్గించడంతో దొంగ బట్టీలు క్రమంగా లైసెన్సు కర్మాగారాలయ్యాయి. గ్లెన్‌లివెట్ లోయలో జార్జ్ స్మిత్ 1824లో లైసెన్సు తీసుకున్నది ఆ చట్టం కిందనే.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. కథంతా గ్వాయకాల్ అనే చిన్న అణువు చుట్టూ తిరుగుతుంది. ఆరు కార్బన్లు చేతులు పట్టుకున్న బెంజీన్ వలయంలో ఒక కార్బన్‌కు హైడ్రాక్సిల్ సమూహం చేరితే అది ఫినాల్ అవుతుంది. దాని పక్క కార్బన్‌కు మెథాక్సీ సమూహం కూడా చేరితే అది గ్వాయకాల్. కట్టెల పొగకూ, వేయించిన కాఫీ గింజలకూ ఉండే కమ్మని కమురు వాసనలో దాని పాలు చాలా ఎక్కువ. ఇక హైడ్రాక్సిల్‌కు సరిగ్గా ఎదురుగా ఉన్న కార్బన్ దగ్గర ఒక ఆల్డిహైడ్ సమూహాన్ని తగిలించండి. ఆ పొగ వాసన పోయి వనిలా వాసన వస్తుంది. ఆ అణువే వనిలిన్. అదే స్థానంలో అల్లైల్ అనే మూడు కార్బన్ల గొలుసును పెడితే లవంగం వాసననిచ్చే యూజెనాల్ సిద్ధమవుతుంది. మిథైల్ సమూహాన్ని పెడితే తీపి తగిలిన పొగ వాసన వస్తుంది. వలయంలో హైడ్రాక్సిల్‌కు రెండో పక్క కూడా ఒక మెథాక్సీని చేరిస్తే గ్వాయకాల్ కాస్తా సిరింగాల్ అవుతుంది, అది కూడా పొగ వాసనదే. మెథాక్సీ లేకుండా ఫినాల్‌కు ఒక మిథైల్ చేరితే వచ్చేది క్రెసాల్. మన పాఠకుడి ముక్కుకు ఫినాయిల్‌గా తోచింది ప్రధానంగా ఈ క్రెసాలే.

ఈ వలయం మన వంటింటికి కొత్తది కాదు. అల్లం ఘాటుకు కారణమైన జింజెరాల్‌లో, మిరపకాయ కారానికి కారణమైన కాప్సైసిన్‌లో హైడ్రాక్సిల్, మెథాక్సీలు ఇదే అమరికలో ఉన్న ఇదే వలయం ఒక చివర ఉంటుంది. పసుపుకు రంగునిచ్చే కుర్కుమిన్‌లో రెండు చివరలా ఉంటుంది. కూరలో పసుపు, అల్లం, కారం, లవంగం వేసినప్పుడల్లా ఈ వలయాన్నే నాలుగు రూపాల్లో వేస్తున్నాం. ఇంటర్మీడియట్ రెండో ఏడాది రసాయన శాస్త్రంలో, ఫినాల్ వలయానికి ఆల్డిహైడ్ సమూహాన్ని తగిలించే రీమర్–టీమన్ చర్యను పిల్లలు సమీకరణంగా బట్టీ పట్టి పరీక్షలో రాస్తారు. ఆ రీమరే 1876లో గ్వాయకాల్ నుంచి వనిలిన్‌ను తయారు చేశాడనీ, అంతకు రెండేళ్ళ ముందే టీమన్, హార్మన్ కలిసి పైన్ చెట్టులో దొరికే కోనిఫెరిన్ అనే పదార్థం నుంచి వనిలిన్ సాధించారనీ ఆ పాఠంలోనే ఒక వాక్యం చేర్చి, తరగతిలో ఒక లవంగాన్నీ కొంచెం వనిలా ఎసెన్సునూ వాసన చూపిస్తే ఆ చర్య ఎవరికైనా జన్మలో మరపు రాదని నా గట్టి నమ్మకం. నేడు బజారులో దొరికే వనిలిన్‌లో అధిక భాగం గ్వాయకాల్ నుంచి కర్మాగారాల్లో తయారైనదే.

విస్కీలోకి ఈ వలయం ఎలా చేరింది? దానికి జవాబు లిగ్నిన్. చెట్టు కాండంలో సెల్యులోజ్ పోగులు స్లాబులోని ఇనుప చువ్వలైతే, వాటి మధ్య నిండి గట్టిపడిన కాంక్రీటు లిగ్నిన్. కోనిఫెరిల్ ఆల్కహాల్, సినాపిల్ ఆల్కహాల్, పారాకౌమరిల్ ఆల్కహాల్ అనే మూడు రకాల ఇటుకలతో మొక్క దీన్ని కట్టుకుంటుంది. మొదటి ఇటుకలో ఉన్నది గ్వాయకాల్ వలయం, రెండోదానిలో సిరింగాల్ వలయం, మూడోదానిలో మెథాక్సీ లేని వట్టి ఫినాల్ వలయం. ఓక్ వంటి గట్టి కలపలో మొదటి రెండూ ఎక్కువగా ఉంటాయి; గడ్డిజాతి మొక్కల్లో మూడోది కూడా చెప్పుకోదగినంత ఉంటుంది. లిగ్నిన్‌ను వేడితో విరగ్గొడితే ఈ వలయాలు బయటపడతాయి. విస్కీ తయారీలో ఆ పని రెండు చోట్ల, పూర్తిగా వేర్వేరు పద్ధతుల్లో జరుగుతుంది. ఒకటి బార్లీని ఆరబెట్టే చోట, మరొకటి పీపా లోపల.

మొదటిది పీట్ పొగ. చెట్లు సరిగా పెరగని, ఎప్పుడూ తడిగా ఉండే చిత్తడి నేలల్లో నాచు, గడ్డి, హెదర్ పొదలు చచ్చి నీట మునిగిపోతాయి. ఆమ్లం ఎక్కువగా, ఆక్సిజన్ తక్కువగా ఉండే ఆ నీటిలో అవి పూర్తిగా కుళ్ళవు. ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పేరుకునే ఆ నల్లని పొరే పీట్. దాన్ని ఇటుకల్లా కోసి, ఎండబెట్టి పొయ్యిలో వాడడం స్కాట్లండ్ పల్లెల్లో తరతరాలుగా ఉంది. మొలకెత్తిన బార్లీని ఆరబెట్టేందుకు ద్వీపాల్లో దొరికిన ఇంధనం అదొక్కటే. రైలు మార్గాలు పడి బొగ్గు, కోక్ చేరువయ్యాక స్పేసైడ్ వంటి ప్రాంతాలు పొగను చాలావరకు వదులుకున్నాయి. ఐలా మాత్రం వదులుకోలేదు. ఈనాడు వారసత్వంగా చెప్పుకుంటున్న పొగ రుచి ఒకనాటి కట్టెల కరువు వల్ల వచ్చింది, ఆ కారణం వల్ల దాని విలువ నా దృష్టిలో పెరిగింది.

పీట్‌ను బాగా మండనివ్వరు, పొగ వచ్చేలా రాజేస్తారు. గింజ తడిగా ఉన్న తొలి గంటల్లోనే పొగలోని ఫినాల్ జాతి అణువులు పొట్టుకు బాగా పట్టుకుంటాయి. గింజ ఆరిన తర్వాత ఎంత పొగ పెట్టినా పెద్దగా ప్రయోజనం ఉండదు. అలా పట్టిన మొత్తాన్ని పది లక్షల భాగాలకు ఇన్ని భాగాలని లెక్కిస్తారు. లఫ్రోయిగ్ మాల్ట్‌లో ఇది సుమారు 40, ఐలాలోనే తయారయ్యే ఆర్డ్‌బెగ్‌లో సుమారు 55. ఈ అంకెలు మాల్ట్‌కు సంబంధించినవి. సీసాలోకి వచ్చేసరికి అందులో సగం కూడా మిగలదు. పీట్ కూడా అన్ని చోట్లా ఒకటి కాదు. స్ఫాగ్నం అనే నాచులో నిజమైన లిగ్నిన్ ఉండదు, దానికి బదులు వేరే ఫినాలిక్ పదార్థాలుంటాయి. కాబట్టి నాచు ఎక్కువున్న పీట్ పొగకూ, చెట్ల అవశేషాలు ఎక్కువున్న పీట్ పొగకూ ఫినాల్, క్రెసాల్, గ్వాయకాల్ పాళ్ళలో తేడా వస్తుంది. చెట్లు లేని ఆర్క్నీ దీవుల్లోని హైలాండ్ పార్క్ విస్కీ పొగ, ఐలా పొగలా ఉండకపోవడానికి ఇదొక కారణం.

ఇక ఆస్పత్రి వాసన సంగతి. 1865లో గ్లాస్గో రాయల్ ఇన్‌ఫర్మరీలో, బండి చక్రం కింద కాలు విరిగిన పదకొండేళ్ళ బాలుడి గాయానికి శస్త్రవైద్యుడు జోసెఫ్ లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంలో తడిపిన కట్టు కట్టాడు. చీము పట్టకుండా గాయం మానింది, శస్త్రచికిత్స చరిత్ర మలుపు తిరిగింది. కార్బాలిక్ ఆమ్లమంటే ఫినాలే. ఆ రోజుల్లో దాన్ని బొగ్గు తారు నుంచి తీసేవారు. మన నల్ల ఫినాయిల్‌లోనూ, పాతకాలపు ఎర్ర లైఫ్‌బాయ్ సబ్బు వాసనలోనూ ఉన్నది ఫినాల్, క్రెసాల్‌ల కుటుంబమే. పీట్ పొరలు భూమిలో కూరుకుపోయి కోట్ల ఏళ్ళు నలిగితే బొగ్గవుతుంది. మన సింగరేణి బొగ్గు కూడా పాతిక కోట్ల ఏళ్ళకు పూర్వపు పర్మియన్ కాలంలో చిత్తడి అడవుల పీట్‌గా మొదలైనదే. కనుక ఆస్పత్రి ఫినాయిల్, ఐలా విస్కీ ఒకే పదార్థం నుంచి, దాని వయసులో రెండు వేర్వేరు దశల నుంచి వచ్చాయి.

ఈ వాసనను అయోడిన్ వాసనగా పొరబడి, సముద్రపు గాలి పీపాల్లోకి చొరబడడం వల్లనే వచ్చిందని చెప్పే నమ్మకం బలంగా ఉంది. పీట్ నేల మీద పారే వాగు నీళ్ళే పొగ రుచినిస్తాయన్నది మరొకటి. పొగ పెట్టని మాల్ట్‌ను అదే నీటితో, అదే ఊళ్ళో బట్టీ పట్టి ఐలాలోనే పొగ లేని విస్కీ తయారు చేస్తున్నారు కనుక ఈ రెండు నమ్మకాలూ నిలబడవు. మందు వాసన వేస్తుంది కాబట్టి జలుబుకు మంచిదన్న మాటకు కూడా ఆధారం లేదు. ఆల్కహాలిక్ పానీయాలను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది.

పులిసిన మాల్ట్ ద్రవాన్ని రాగి బానల్లో రెండుసార్లు బట్టీ పడతారు. గంధకపు దుర్వాసనలను రాగి పట్టేసుకుంటుంది. రెండో విడతలో మొదట వచ్చేదాన్నీ చివర వచ్చేదాన్నీ వేరు చేసి నడిమి ధారనే పీపాలకు తీసుకుంటారు. ఆల్కహాల్ 78 డిగ్రీల వద్ద మరిగితే ఫినాల్ 182 వద్ద, గ్వాయకాల్ 205 వద్ద మరుగుతాయి. అయినా నీటి ఆవిరితో కలిసి అవి కొంతకొంతగా పైకి వస్తాయి, ధార సగం దాటాక ఎక్కువవుతాయి. అందువల్ల ధారను ఎప్పుడు మళ్ళించాలన్న నిర్ణయమే పొగ మోతాదును తేలుస్తుంది. పొగ కోరే ఐలా బట్టీకారుడు ఆలస్యంగా మళ్ళిస్తాడు. పళ్ళ వాసన కోరే స్పేసైడ్ బట్టీకారుడు ముందే ఆపుతాడు. ఒకే మాల్ట్‌తో మొదలుపెట్టినా ఇద్దరి విస్కీలూ ఒకటి కావు.

రెండో చోటు పీపా. అమెరికా చట్టం ప్రకారం బర్బన్ విస్కీని లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాల్లోనే నిలవ చేయాలి కాబట్టి, ఒకసారి వాడిన పీపాలు అక్కడి వారికి పెద్దగా అక్కర ఉండవు. అవే స్కాట్లండ్‌కు వస్తాయి. లోపలి చెక్కను కాల్చినప్పుడు బొగ్గు పొర కింద ఎర్రగా కాగిన పొరలో లిగ్నిన్ విరిగి కోనిఫెరాల్డిహైడ్, సినాపాల్డిహైడ్ ఏర్పడతాయి. సుమారు 63 శాతం ఆల్కహాల్‌తో నింపిన మద్యం చెక్కలోకి ఇంకి వాటిని కరిగించుకుంటుంది. చెక్క సందుల్లోంచి చొరబడే ఆక్సిజన్ ఏళ్ళ తరబడి నెమ్మదిగా పనిచేసి మొదటిదాన్ని వనిలిన్‌గా, రెండోదాన్ని సిరింగాల్డిహైడ్‌గా మారుస్తుంది. చెక్కలోంచి కొద్దిగా యూజెనాల్ కూడా దిగి లవంగపు ఛాయనిస్తుంది. లిగ్నిన్‌తో సంబంధం లేనివి కూడా ఉన్నాయి. కొబ్బరి వాసననిచ్చే ఓక్ లాక్టోన్ అందులో ముఖ్యమైనది, అది అమెరికా ఓక్‌లో ఎక్కువ. పీపాను మళ్ళీ మళ్ళీ వాడే కొద్దీ వనిలిన్ తగ్గిపోతుంది. కాలంతో పాటు పొగ వాసన కూడా మెత్తబడుతుంది కనుక, ముదిరిన ఐలా విస్కీలో పొగ వెనక్కి జరిగి తీపి ముందుకొస్తుంది. వయసు పెరిగితే నాణ్యత పెరుగుతుందన్న మాట కంటే ఈ మాట సరైనది.

మన దుకాణాల్లో విస్కీ పేరుతో అమ్మే చౌక రకాల్లో చాలా వాటికి ఆధారం చక్కెర మిల్లుల మొలాసిస్ నుంచి తీసిన ఆల్కహాల్. వాటిలో ఈ పొగ ప్రయాణం లేదు, పీపాలో ఏళ్ళ నిలవా లేదు. మాల్ట్‌తో, ఓక్‌తో చేసిన భారతీయ సింగిల్ మాల్ట్‌ను బెంగళూరుకు చెందిన అమృత్ సంస్థ 2004లో గ్లాస్గోలోనే విడుదల చేసింది. స్కాట్లండ్ గోదాముల్లో ఏడాదికి సుమారు రెండు శాతం ఆవిరైతే, మన వేడిలో అంతకు అనేక రెట్లు పోతుంది. చెక్కతో రసాయన చర్యలు కూడా అంతే వేగంగా సాగుతాయి కాబట్టి అక్కడి పన్నెండేళ్ళనూ ఇక్కడి నాలుగేళ్ళనూ అంకెలతో పోల్చడం తప్పు.

కొన్ని చుక్కల నీళ్ళు పోస్తే వాసన విచ్చుకుంటుందన్న పాత అనుభవానికి కూడా గ్వాయకాలే వివరణ ఇచ్చింది. స్వీడన్‌లోని లినేయస్ విశ్వవిద్యాలయానికి చెందిన కార్ల్‌సన్, ఫ్రీడ్‌మన్ 2017లో నీరు, ఆల్కహాల్, గ్వాయకాల్ అణువుల కదలికలను కంప్యూటర్‌లో అనుకరించి చూశారు. ఆల్కహాల్ 45 శాతం లోపు ఉన్నప్పుడు గ్వాయకాల్, ఆల్కహాల్ అణువులతో పాటు ద్రవం పైతలానికి చేరి గాలికి దగ్గరగా నిలుస్తుంది. 59 శాతం దాటితే ఆల్కహాల్ అణువులు దాన్ని చుట్టుముట్టి ద్రవం లోపలికి లాగేస్తాయి. పీపా నుంచి నేరుగా తీసిన 60 శాతం విస్కీలో వాసన ముడుచుకుని ఉండడానికీ, నీళ్ళు కలిపితే పొగ పైకి రావడానికీ ఇది సరిపోయే కారణం. విస్కీ కర్మాగారాల్లో నాణ్యత తేల్చే నిపుణులు నమూనాలను సుమారు 20 శాతానికి పలుచన చేసి ఎక్కువగా ముక్కుతోనే పరీక్షించడం ఈ పరిశోధనకు చాలా ముందు నుంచీ ఉన్న పద్ధతి. ప్రశ్న పంపిన పాఠకుడు తన సీసాలోంచి ఒక చెంచాడు తీసి, అంతే నీరు కలిపి వాసన చూస్తే క్రెసాల్‌నూ వనిలిన్‌నూ విడివిడిగా గుర్తుపట్టగలరు. తాగవలసిన అవసరం కూడా లేదు.