పెన్ను అతుక్కుంది, మరి ఛార్జింగ్ ఏది?

విశాఖపట్నం

చి॥ లాస్యకు, చి॥ తరుణ్‌కు తాతయ్య ఆశీస్సులు.

ఫోన్లో అడిగినదానికి ఫోన్లోనే జవాబు చెప్పేవాణ్ణి. మీ అమ్మ మధ్యలో "నాన్నా, వాళ్ళకి హోంవర్క్ ఉంది" అని ఫోన్ లాగేసుకుంది. అందుకే ఈ ఉత్తరం.

"ట్యాబ్ తెర మీద రాసే పెన్ను రాత్రంతా ట్యాబ్‌కి అతుక్కునే ఉంది, పొద్దున చూస్తే ఛార్జింగ్ లేదు. అతుక్కున్న సంగతి ట్యాబ్‌కి తెలియదా?" అని కదా లాస్య గొడవ. తెలిసే ఉండొచ్చు, తెలియకపోనూ వచ్చు. ట్యాబ్ అంచున కన్నేమీ లేదు. పెన్ను వచ్చిందని అది చూడలేదు, గుర్తులను బట్టి ఊహించాల్సిందే. తలుపు దగ్గరగా వేసి ఉండటం వేరు, గడియ పడటం వేరు. మీ పెన్నుకి ఆ రాత్రి గడియ పడలేదు.

అన్నిటికంటే పాత గుర్తు స్విచ్. నేను పోర్టులో క్రేన్ల కరెంటు పని చూసే రోజుల్లో లిమిట్ స్విచ్‌లతోనే నా కాపురం. కొక్కెం పైకి వెళ్ళి వెళ్ళి ఒక మీటను తాకితే మోటారు ఆగిపోవాలి. పెన్ను లోపలికి దూరే అర ఉన్న ఫోన్లలో, ట్యాబ్‌లలో కూడా ఇలా నొక్కుకునే చిన్న మీట పెట్టొచ్చు. చిక్కేమిటంటే, లోహపు ముక్కలు రెండూ తాకగానే కుదురుగా ఉండవు. కొన్ని మిల్లీసెకన్ల పాటు ఎగిరెగిరి పడతాయి. ప్రాసెసర్‌కి అంత వేగం ఉంది కాబట్టి "వచ్చింది, పోయింది, వచ్చింది" అని వినిపిస్తుంది. అందుకే సాఫ్ట్‌వేర్ కాసేపు ఓపిక పట్టి, గొడవ సద్దుమణిగాకే నమ్ముతుంది. పైగా మన ఊరి ఉప్పుగాలికి లోహం ఎంత త్వరగా చిలుము పడుతుందో మా బాల్కనీ గ్రిల్లును చూస్తే మీకే తెలుస్తుంది.

మీటకు మరో బలహీనత కూడా ఉంది. 2015లో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ నోట్ 5లో పెన్నును తిరగేసి దూర్చినా హాయిగా లోపలికి పోయేది. బయటికి మాత్రం రాదు. బలంగా లాగితే, పెన్ను ఉందో లేదో చెప్పే భాగమే దెబ్బతినేది. ఆ తర్వాత పెన్ను తీసినా పెట్టినా ఫోన్‌కి తెలిసేది కాదు. తిరగేస్తే దూరకుండా అరను చేయడం డిజైన్ గీసేవాడి బాధ్యత అని నేనంటాను. పిల్లల మీద నెట్టేయకూడదు.

మీ ట్యాబ్‌లాంటి వాటిలో అర ఉండదు, మాగ్నెట్లే. అక్కడ హాల్ సెన్సర్ అనే చిన్న చిప్ పనికొస్తుంది. 1879లో అమెరికాలో ఎడ్విన్ హాల్ అనే విద్యార్థి పల్చటి బంగారు రేకులో కరెంటు పారిస్తూ దాన్ని అయస్కాంతం మధ్య పెట్టాడు. కరెంటు పోయే దారికి అడ్డంగా, రేకు ఈ అంచుకీ ఆ అంచుకీ మధ్య చిన్న వోల్టేజీ పుట్టింది. తాకకుండానే మాగ్నెట్ ఎంత దగ్గరుందో చెప్పే పద్ధతి దొరికింది. అరిగేది లేదు, ఎగిరెగిరి పడేది లేదు.

ఇందులో నాకు బాగా నచ్చిన తెలివి ఒకటుంది. "ఉంది" అనడానికి ఒక హద్దు, "పోయింది" అనడానికి అంతకంటే తక్కువ బలం ఉన్న ఇంకో హద్దు పెడతారు. ఒకటే హద్దు పెడితే, పెన్ను సరిగ్గా అక్కడ ఊగిసలాడినప్పుడల్లా సెన్సర్ మాట మార్చేస్తుంది. రెండు హద్దులుంటే ఒకసారి "ఉంది" అన్నాక, గట్టిగా దూరం జరిగితే తప్ప మాట మార్చదు.

కానీ హాల్ సెన్సర్‌కి మాగ్నెట్ తెలుస్తుంది గానీ పెన్ను తెలియదు తరుణ్! ఫ్రిజ్ మీది బొమ్మ తెచ్చి అక్కడ పెట్టినా "వచ్చింది" అనగలదు. కాబట్టి రెండో సాక్షి కావాలి. ఆ సాక్షి ఛార్జింగ్ కాయిల్, అంటే తీగచుట్ట. ట్యాబ్‌లోని కాయిల్‌లో కరెంటు అటూ ఇటూ మారుతుంటే, ఎదురుగా ఉన్న పెన్ను కాయిల్‌లోనూ కరెంటు పుడుతుంది. మైకేల్ ఫారడే 1831లో కనిపెట్టిన సంగతే ఇది. ఫోన్‌ను పడుకోబెట్టే వైర్‌లెస్ ఛార్జింగ్ ప్యాడ్‌లలో, తీసుకునే పరికరం తాను లాగే కరెంటును కాస్త ఎక్కువ తక్కువ చేస్తూ పోతే ఆ తేడా ఇచ్చే కాయిల్‌కి తెలుస్తుంది. వైరు లేకుండా "నేనే" అని జవాబివ్వడం అన్నమాట. తాళంచెవి పెడితే జవాబు రాదు.

బ్లూటూత్ కనెక్ట్ అయిందని మాత్రం మురిసిపోవద్దు. పెన్ను పక్క గదిలో మంచం కింద ఉన్నా బ్లూటూత్ కలుస్తుంది.

ఇక మీ కేసు. మొదట, మీది ఏ రకం పెన్నో చూడండి. 2018లో వచ్చిన రెండో తరం ఆపిల్ పెన్సిల్ ఐప్యాడ్ అంచుకి అతుక్కుంటే ఛార్జ్ అవుతుంది. 2023లో వచ్చిన యూఎస్‌బీ-సి పెన్సిల్ కూడా అలాగే అతుక్కుంటుంది, కానీ అక్కడ నిద్రపోతుందే తప్ప ఛార్జ్ కాదు, కేబుల్ పెట్టాల్సిందే. చూడ్డానికి రెండూ ఒకే రకంగా అతుక్కుంటాయి, ఎవరికైనా టెన్షనే. గెలాక్సీ ట్యాబ్ ఎస్6కైతే పెన్ను వెనక గాడిలో ఉండాలి, మొన కెమెరా వైపు తిరగాలి. ఆ పెన్ను ఛార్జింగ్ అయిపోయినా రాస్తుంది. దాని బ్యాటరీ, పెన్ను మీది బటన్, పెన్నుతో చేసే సైగల వంటి పనులకే.

రెండోది, అసలు నా అనుమానం ఇదే. సెలవుల్లో భీమిలి వెళ్ళినప్పుడు మీ సంచీలో ట్యాబ్ కూడా ఉంది కదా? అక్కడి ఇసుకలో నల్లటి చారలు చూశారు. అందులో మాగ్నెటైట్ రేణువులుంటాయి, మాగ్నెట్‌ను చూస్తే పరుగెత్తుకొస్తాయి. పెన్ను చదునైన వైపు, ట్యాబ్ అంచు వెలుతురులో పెట్టి చూడండి. నల్లగా మీసంలా కనిపిస్తే అదే దొంగ. ఆ సన్న సందు చాలు, మాగ్నెట్లు పట్టుకున్నా కాయిల్‌లు సరిగా కలవవు. గోకవద్దు, గీతలు పడతాయి. సెల్లో టేప్ అద్ది తీయండి. మందపాటి కేస్ ఉన్నా ఇదే తంటా.

అవీ కాకపోతే పెన్ను తీసి, క్షణం ఆగి, మళ్ళీ పెట్టండి. ఇది మంత్రమేమీ కాదు. కొన్ని సాఫ్ట్‌వేర్లు "ఇప్పుడే వచ్చింది", "ఇప్పుడే పోయింది" అనే కబుర్లే వింటాయి. ట్యాబ్ ఆఫ్‌లో ఉన్నప్పుడు పెన్ను కదిలితే ఆ కబురు ఎవరూ వినరు. సరిగ్గా రాసిన ప్రోగ్రాం లేవగానే "ఇప్పుడు ఉందా?" అని తానే అడిగి తెలుసుకుంటుంది. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో దీనికోసమే ఒక స్విచ్ కోడ్ ఉంది, పెన్ను లోపలుంటే 1, బయటుంటే 0. తరుణ్, నువ్వు ప్రోగ్రాంలు రాస్తానంటున్నావు కాబట్టి చెప్తున్నాను.

ఇందాకటి రెండు హద్దుల సంగతి మీరే పరీక్షించొచ్చు. మాగ్నెట్ ఉన్న ఫ్లిప్ కవర్ మీ దగ్గర ఉందిగా. చాలా ట్యాబ్‌లలో కవర్ మూయగానే తెరను ఆపేది కూడా లోపలి హాల్ సెన్సరే. మెల్లగా మూస్తూ తెర ఆరే చోట స్కేలుతో ఎత్తు కొలవండి. మళ్ళీ మెల్లగా తెరుస్తూ వెలిగే చోట కొలవండి. రెండు అంకెలూ ఒకటేనా, కాదా అన్నది ఆదివారం ఫోన్లో చెప్పండి. హోంవర్క్ ముందే ముగించుకోండి, మీ అమ్మ మళ్ళీ ఫోన్ లాక్కోకుండా.

ప్రేమతో,
తాతయ్య